ఆగి ఆగి నడిచే పాల యంత్రం

సాయంత్రం ఆరు దాటింది. పాల కేంద్రం ముందు ఆడవాళ్లు వరసలో నిలబడ్డారు. చేతుల్లో క్యాన్లు, చెంబులు ఉన్నాయి. ఆ కేంద్రాన్ని నడిపేది ఊరి మహిళా సంఘమే. లోపల పెద్ద స్టీలు తొట్టి ఉంది. అందులో వెయ్యి లీటర్ల పాలు పడతాయి. తొట్టి పక్కన పాలను చల్లబరిచే యంత్రం గుయ్‌మని నడుస్తోంది.

ఉన్నట్టుండి చప్పుడు ఆగిపోయింది. లైట్లు మాత్రం వెలుగుతూనే ఉన్నాయి.

"కరెంటు ఉంది గదా! మరి ఇదెందుకు ఆగింది?" అంది ఒకామె.

ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. పావుగంట పైన గడిచింది. యంత్రం తనంతట తానే మళ్లీ నడిచింది. అరగంటకు మళ్లీ ఆగింది. రాత్రంతా ఇదే తంతు.

మర్నాడు పొద్దున ట్యాంకరు వచ్చింది. దాంతో వచ్చిన మనిషి కాసిని పాలు గాజు గొట్టంలో పోసి కాచి చూశాడు. పాలు విరిగాయి. "ఈ పాలు తీసుకోం" అన్నాడు. 400 లీటర్ల పాలు మట్టిపాలయ్యాయి. అవి డెబ్బై ఇళ్ల పాలు. పదిహేను రోజులకోసారి వచ్చే పాల డబ్బులో ప్రతి ఇంటికీ కోత పడింది. పిల్లల ఫీజులు, మందులు, దాణా అన్నీ ఆ డబ్బుతోనే జరగాలి.

సంఘం లీడరు మెకానిక్‌కు ఫోను చేసింది. అతను తెల్లారి పాల వేళకు వచ్చాడు. అప్పుడు యంత్రం చక్కగా నడుస్తోంది. "గ్యాసు తగ్గి ఉంటదక్కా" అన్నాడు. గ్యాసు నింపాడు. డబ్బు తీసుకుని వెళ్లాడు. ఆ సాయంత్రమే యంత్రం మళ్లీ ఆగింది. ఈసారి ఇంకా తొందరగా ఆగింది.

"ఎవరి దిష్టి తగిలిందో ఏమో. ఒక గుమ్మడికాయ కట్టండే" అంది పెద్దమ్మ.

ఆగి ఆగి నడిచే యంత్రంతో చిక్కు ఇదే. మెకానిక్ ఉన్నంత సేపు నడుస్తుంది. అతను పోయాక ఆగుతుంది. రోజు విడిచి రోజు వచ్చే చలిజ్వరం లాంటిది ఇది. జ్వరం లేనప్పుడు డాక్టరు దగ్గరికి వెళితే ఆయన ఏం అడుగుతాడు? "జ్వరం ఏ వేళకు వస్తోంది? ఎంత సేపు ఉంటోంది?" అని అడుగుతాడు. యంత్రం గురించి కూడా అదే అడగాలి.

పాలు ఎందుకు చల్లబడాలి?

గేదె పొదుగు నుంచి వచ్చిన పాలు గోరువెచ్చగా ఉంటాయి. కంటికి కనిపించని సూక్ష్మజీవులకు ఆ వెచ్చదనం ఎంతో ఇష్టం. అవి గబగబా పెరుగుతాయి. అరగంటకోసారి రెట్టింపు అవుతాయని అనుకుంటే లెక్క చూడండి. ఒకటి రెండవుతుంది. రెండు నాలుగవుతాయి. నాలుగు ఎనిమిదవుతాయి. అయిదు గంటలు గడిచేసరికి ఒకటి 1,024 అవుతుంది.

పాలను 4 డిగ్రీలకు చల్లబరిస్తే ఈ పెరుగుదల బాగా తగ్గిపోతుంది. సూక్ష్మజీవులు చావవు. మందగిస్తాయి అంతే. అందుకే పాలు పోసిన సుమారు మూడు గంటల్లో 4 డిగ్రీలకు రావాలి. ట్యాంకరు వచ్చేదాకా అక్కడే నిలవాలి.

1970లో దేశంలో ఆపరేషన్ ఫ్లడ్ అనే పథకం మొదలైంది. పల్లె పాలు పట్నం చేరడానికి అది దారి వేసింది. ఆ దారి పొడవునా పాలు చల్లగా ఉండాలి. ఒక్క చోట చల్లదనం తప్పినా వెనక పడిన కష్టమంతా వృథా అవుతుంది.

యంత్రం ఎలా పనిచేస్తుంది?

ఈ యంత్రం చల్లదనాన్ని తయారు చేయదు. పాలలో ఉన్న వేడిని తీసుకుపోయి బయట పారేస్తుంది. ఇంట్లో ఉండే ఫ్రిజ్జు, ఏసీ కూడా చేసేది ఇదే పని.

కుండకు తడిగుడ్డ చుడితే నీళ్లు చల్లబడతాయి. గుడ్డలోని తడి ఆవిరి అవుతూ కుండలో వేడిని తీసుకుపోతుంది. యంత్రంలో తడికి బదులు ఒక రకం గ్యాసు ఉంటుంది. తొట్టి అడుగున దానికి దారులు ఉంటాయి. అది అక్కడికి ద్రవంగా వస్తుంది. పాల వేడి తగిలి ఆవిరి అవుతుంది. ఆ వేడిని మోసుకుని బయటికి పోతుంది.

బయట కంప్రెషరు అనే నల్లటి డబ్బా ఉంటుంది. అది ఆవిరిని గట్టిగా నొక్కుతుంది. సైకిలుకు గాలి కొట్టేటప్పుడు పంపు వేడెక్కుతుంది కదా. అట్లాగే నొక్కుడుకు ఆవిరి బాగా వేడెక్కుతుంది. ఆ వేడి ఆవిరి కండెన్సరు అనే జాలీలోకి పోతుంది. జాలీకి దువ్వెన పళ్లలాగా సన్నటి రేకులు ఉంటాయి. దాని దగ్గర ఒక ఫ్యాను తిరుగుతుంది. ఫ్యాను గాలికి వేడి బయటికి పోతుంది. ఆవిరి మళ్లీ ద్రవం అవుతుంది. తిరిగి తొట్టి కిందికి వెళుతుంది.

పాలలో వేడి బయటికి పోయే వాకిలి ఈ జాలీయే. ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఆగినప్పుడల్లా జబ్బు కాదు

పాలు 4 డిగ్రీలకు రాగానే యంత్రం తనంతట తానే ఆగుతుంది. పాలు కాస్త వెచ్చబడితే మళ్లీ నడుస్తుంది. ఇది మంచిదే.

కాబట్టి యంత్రం ఆగగానే ముందు పాల వేడి ఎంతో చూడాలి. 4 డిగ్రీల దగ్గర ఆగితే కంగారు అక్కర్లేదు. 20 డిగ్రీల దగ్గర ఆగితే ఏదో ఇబ్బంది ఉంది.

ఇబ్బంది వచ్చినప్పుడు యంత్రం ఎందుకు ఆగుతుంది? మోటరు కాలిపోకుండా ఉండటానికి. లోపల కాపలా బటన్లు ఉంటాయి. మోటరు మరీ వేడెక్కినా, గ్యాసు ఒత్తిడి మరీ పెరిగినా అవి కరెంటును ఆపేస్తాయి. దీన్నే ట్రిప్ అవడం అంటారు. మోటరు చల్లారాక కొన్ని యంత్రాలు వాటంతట అవే నడుస్తాయి. కొన్నింటికి బటను నొక్కాలి. అంటే ఆగి ఆగి నడిచే యంత్రం ఏదో చెబుతోంది. ఏం చెబుతోందో తెలుసుకోకుండా బటను పదే పదే నొక్కితే చివరికి మోటరు కాలుతుంది.

నోటు పుస్తకం చెప్పిన మాట

ఆ ఊళ్లో పాల లెక్కలు రాసేది ఒక కోడలు పిల్ల. ఆమె పెళ్లయ్యాక రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకుంది. రెండేళ్లుగా ఎవరెన్ని పాలు పోశారో రాస్తోంది.

"అక్కా, పాలు రాసినట్టే యంత్రం సంగతి కూడా రాస్తే ఏమైతది?" అని లీడరును అడిగింది.

"రాయి చెల్లీ. పోయేదేముంది?" అంది లీడరు.

ఆమె కొత్త నోటు పుస్తకం తీసింది. తేదీ, ఆగిన టైము, నడిచిన టైము, పాల వేడి, వోల్టేజి అని గళ్లు గీసింది. వోల్టేజి చూడటానికి స్టార్టరు పెట్టె మీదే మీటరు ఉంది. మూడు ఫేజుల కరెంటు అయితే ఆ మీటరులో సుమారు 415 చూపించాలి. ఇళ్లకు వచ్చే ఒక ఫేజు కరెంటు అయితే సుమారు 230 ఉండాలి.

అయిదు రోజులు రాసింది. పుస్తకంలో ఇలా ఉంది.

సోమవారం. సాయంత్రం 6.40కి ఆగింది. 7.05కి నడిచింది. పాల వేడి 24. వోల్టేజి 405.

మంగళవారం. సాయంత్రం 6.30కి ఆగింది. 6.55కి నడిచింది. పాల వేడి 26. వోల్టేజి 410.

బుధవారం. మధ్యాహ్నం వాన పడింది. సాయంత్రం చల్లగా ఉంది. యంత్రం ఆగలేదు.

గురువారం. బాగా ఎండ. సాయంత్రం 6.25కి ఆగింది. 6.55కి నడిచింది. పాల వేడి 27. వోల్టేజి 405.

శుక్రవారం. సాయంత్రం 6.35కి ఆగింది. 7 గంటలకు నడిచింది. పాల వేడి 25. వోల్టేజి 410. రాత్రి 8.10కి మళ్లీ ఆగింది. పాల వేడి 14. వోల్టేజి 345. లైట్లు మసకగా ఉన్నాయి.

కింద ఇంకో మాట రాసింది. "పొద్దున పూట ఒక్క రోజూ ఆగలేదు."

శనివారం నలుగురూ కూర్చుని చదివారు. యంత్రం సాయంత్రం పూటే ఆగుతోంది. అప్పుడు కొత్త పాలు పడతాయి. తొట్టిలో వేడి ఎక్కువగా ఉంటుంది. పగలంతా కాసిన ఎండకు బయట గాలి కూడా వేడిగా ఉంటుంది. పొద్దున కూడా కొత్త పాలే పడతాయి. కానీ బయట చల్లగా ఉంటుంది. అప్పుడు ఆగడం లేదు. వాన పడిన రోజు సాయంత్రం కూడా ఆగలేదు. వోల్టేజి చూస్తే బాగానే ఉంది.

"అంటే ఎండ వేడికే ఆగుతోందన్నమాట. లోపలి వేడి బయటికి పోవట్లేదేమో" అంది కోడలు పిల్ల.

వాకిలి మూసుకుపోయింది

అందరూ యంత్రం వెనక్కి వెళ్లారు. ఆ గోడకు సాయంత్రం ఎండ తిన్నగా కొడుతుంది. జాలీకి ఆనించి దాణా బస్తాలు పేర్చి ఉన్నాయి. జాలీ రేకుల మధ్య దుమ్ము, గడ్డి పొట్టు, తవుడు దట్టంగా పట్టి ఉన్నాయి. దువ్వెనలో జిడ్డు పట్టినట్టు ఉంది. ఒక్క సందు కూడా కనిపించలేదు.

వేడి పోయే వాకిలి మూసుకుపోయింది. కొంచెం వేడి బయటికి వచ్చినా బస్తాలకు తగిలి మళ్లీ జాలీ వైపే తిరుగుతోంది. వేడి పోకపోతే లోపల గ్యాసు ఒత్తిడి పెరుగుతుంది. కంప్రెషరుకు భారం ఎక్కువ అవుతుంది. కాపలా బటను కరెంటును ఆపేస్తుంది.

వాళ్లు ముందు మెయిన్ స్విచ్చి ఆపారు. బస్తాలు తీసేశారు. మెత్తటి బ్రష్షుతో జాలీని దులిపారు. రేకులు నిలువుగా ఉంటే బ్రష్షును కూడా నిలువుగానే ఆడించాలి. అడ్డంగా రుద్దితే రేకులు వంగి సందులు మూసుకుపోతాయి. జాలీని నీళ్లతో కడగాలంటే మెకానిక్ చేతే కడిగించాలి. మోటరు మీద, వైర్ల మీద నీళ్లు పడకూడదు.

తర్వాత ఎండ తగలకుండా పైన తాటాకు చప్టా వేశారు. జాలీకి గాలి మాత్రం అడ్డం రానివ్వలేదు. యంత్రం గోడకు ఎంత దూరంలో ఉండాలో దాంతో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. అది చదివి చూసుకున్నారు.

ఆ సాయంత్రం యంత్రం ఆగలేదు. మర్నాడూ ఆగలేదు.

గ్యాసు అయిపోతుందా?

మరి మొదట గ్యాసు నింపితే యంత్రం ఇంకా తొందరగా ఎందుకు ఆగింది?

వంట గ్యాసు మండుతుంది. మండి అయిపోతుంది. నెలో, రెండు నెలలో మళ్లీ సిలిండరు తెచ్చుకోవాలి. యంత్రంలో గ్యాసు అట్లా కాదు. అది వాడకంలో ఖర్చు కాదు. మూసి ఉన్న గొట్టాల్లో తిరుగుతూనే ఉంటుంది. అది తగ్గిందంటే ఎక్కడో కారుతోందన్నమాట. కారే చోటు వెతికి మూయకుండా గ్యాసు నింపితే డబ్బు గాలికి పోయినట్టే.

అసలు తగ్గకుండానే నింపితే గ్యాసు ఎక్కువ అవుతుంది. ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. యంత్రం ఇంకా తొందరగా ట్రిప్ అవుతుంది. ఆ ఊళ్లో జరిగింది ఇదే.

మెకానిక్ మళ్లీ వచ్చినప్పుడు లీడరు పుస్తకం అతని చేతిలో పెట్టింది. అతను చదివాడు. మీటరు పెట్టి ఒత్తిడి చూశాడు. ఎక్కువైన గ్యాసును సిలిండరులోకి తీసేశాడు. "ఈ లెక్క ముందే ఉంటే నేను గ్యాసు జోలికి పోయేవాణ్ణి కాదక్కా" అన్నాడు.

శుక్రవారం రాత్రి సంగతి వేరు

పుస్తకంలో ఒక్క లెక్క మాత్రం కలవలేదు. శుక్రవారం రాత్రి 8.10కి ఆగింది. అప్పుడు వోల్టేజి 345 మాత్రమే.

వోల్టేజి తగ్గితే మోటరుకు బలం తగ్గుతుంది. మోయాల్సిన బరువు మాత్రం తగ్గదు. అప్పుడు మోటరు ఎక్కువ కరెంటు లాగుతుంది. లోపలి రాగి తీగ వేడెక్కుతుంది. కాపలా బటను ఆపేస్తుంది. ఒకే ట్రాన్స్‌ఫార్మరు మీద చాలా మోటర్లు ఒక్కసారే నడిస్తే ఇట్లా వోల్టేజి పడిపోతుంది. మూడు ఫేజుల్లో ఒకటి పోయినా అంతే. బోరు మోటర్లు ఎట్లా కాలిపోతాయో రైతు ఇళ్ల వాళ్లకు తెలుసు. ఈ మోటరూ అట్లాగే కాలుతుంది. ఒక ఫేజు పోతే వెంటనే ఆపేసే సాధనం స్టార్టరు పెట్టెలో తప్పకుండా ఉండాలి.

యంత్రం ఎంత వోల్టేజికి నడవాలో దాని మీద బిగించిన చిన్న రేకు మీద ఉంటుంది. మీటరులో అంకెను రేకు మీది అంకెతో పోల్చి చూడాలి. మరీ తక్కువగా ఉంటే యంత్రాన్ని కరెంటు మీద నడపకూడదు. జనరేటరు ఉంటే దాని మీద నడపాలి.

సంఘం వాళ్లు తేదీ, టైము, వోల్టేజి మరో పది రోజులు రాశారు. ఆ లెక్కలతో కరెంటు ఆఫీసుకు అర్జీ పెట్టారు. "కరెంటు సరిగా రావట్లేదు" అని నోటితో చెబితే ఎవరైనా "చూద్దాంలే" అంటారు. ఏ రోజు, ఏ టైముకు, ఎంత వచ్చిందో రాసి ఇస్తే జవాబు చెప్పాల్సి వస్తుంది.

ఇంకొన్ని గుర్తులు

యంత్రం వేళాపాళా లేకుండా ఆగుతుందా? పెట్టె దగ్గర కాలిన వాసన, చిటపట చప్పుడు వస్తున్నాయా? వైరు వదులై ఉండవచ్చు. వెంటనే మెయిన్ ఆపాలి. చేయి పెట్టకూడదు.

కంప్రెషరు నడుస్తోంది గాని జాలీ దగ్గర ఫ్యాను తిరగడం లేదా? అయితే కాసేపట్లో యంత్రం తప్పకుండా ఆగుతుంది. ఫ్యాను మోటరు చూపించాలి.

యంత్రం గంటల తరబడి నడిచినా పాలు చల్లబడటం లేదా? గొట్టాల అతుకుల దగ్గర నూనె మరకలు ఉన్నాయా? గ్యాసు కారుతూ ఉండవచ్చు.

యంత్రం 4 డిగ్రీలు చూపించి ఆగిందా? పాలలో వేరే థర్మామీటరు పెడితే 12 చూపిస్తోందా? అయితే వేడిని కొలిచే సాధనం తప్పు చెబుతోంది. దాన్ని సరి చేయించాలి.

యంత్రం ఆగితే పాలను ఏం చేయాలి?

కనీసం మూడు నిమిషాలు ఆగకుండా యంత్రాన్ని మళ్లీ ఆన్ చేయకూడదు. గొట్టాల్లో ఒత్తిడి సర్దుకోవడానికి కొంచెం టైము పట్టాలి.

చల్లబడిన పాలలో వెచ్చని కొత్త పాలు పోయకూడదు. తొట్టి మూత తీయకూడదు. ట్యాంకరు వాళ్లకు వెంటనే ఫోను చేసి ముందుగా రమ్మనాలి. దగ్గర్లో మరో కేంద్రం ఉంటే పాలను అక్కడికి పంపాలి.

పులుపు తెలియకుండా ఉండాలని కొందరు పాలలో సోడా కలుపుతారు. అది కల్తీ. చట్టం ప్రకారం నేరం. ఆ పాలు తాగేది ఎవరో ఒకరి పిల్లలే.

ఎవరి పని ఎవరిది?

జాలీ దులపడం, చుట్టూ ఖాళీగా ఉంచడం, పాల వేడి చూడటం, వోల్టేజి చూడటం, పుస్తకంలో రాయడం. ఇవి సంఘం వాళ్లు చేయగలిగిన పనులు.

వైర్లు విప్పడం, స్టార్టరు పెట్టె తెరవడం, గ్యాసు ముట్టుకోవడం. ఇవి మెకానిక్ పనులు. తడి చేతులతో స్విచ్చి ముట్టుకోకూడదు. యంత్రానికి ఎర్తు ఉందో లేదో మెకానిక్ చేత చూపించుకోవాలి.

ఆ కేంద్రంలో ఇప్పుడు వారానికోసారి జాలీ దులుపుతారు. నోటు పుస్తకం మేకుకు వేలాడుతూ ఉంటుంది. గుమ్మడికాయ కూడా గుమ్మానికి ఉంది. పెద్దమ్మ ఊరుకోలేదు. అయితే యంత్రం ఆగితే ఇప్పుడు ఆమె కూడా గుమ్మడికాయ వైపు చూడటం లేదు.

"పిల్లా, టైమెంతయింది? ముందు రాయి" అంటోంది.

చర్చించండి

1. మీ ఊళ్లో పాల కేంద్రం ఉందా? యంత్రం వెనక జాలీ ఎలా ఉందో చూసి రండి.

2. మీ ఇంట్లో ఫ్రిజ్జు, మోటరు వంటివి ఆగి ఆగి నడుస్తున్నాయా? ఏ వేళకు ఆగుతున్నాయో వారం రోజులు రాయండి.

3. మీ ఇంటి మీటరు దగ్గర, మోటరు మీద ఉన్న రేకులను చదవండి. వాటి మీద ఏ అంకెలు ఉన్నాయి?